షేక్ టేబుల్ మీద నెగ్గిన వాల్వును అసలు భూకంపంలో నమ్మవచ్చునా?

కాలువగట్టు (అమలాపురం):
2024 డిసెంబరు 4 ఉదయం ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూమి కంపించినప్పుడు మా పెంకుటింటి వసారాలో వేలాడుతున్న లాంతరు కొంచెం ఊగి ఆగింది. జరిగింది అంతే అయినా, ఆ పూట నుంచి మా వీధి అరుగు మీద మాటలు కొవ్వాడ వైపు మళ్లాయి. శ్రీకాకుళం జిల్లా తీరంలోని ఆ ఊళ్లో 1208 మెగావాట్ల రియాక్టర్లు ఆరు పెట్టాలన్న ప్రతిపాదన ఏళ్లుగా నలుగుతూనే ఉంది. అణు కేంద్రంలో ప్రాణాధారమైన ప్రతి వాల్వునూ ముందే షేక్ టేబుల్ మీద, అంటే భూకంపంలా ఊపే బల్ల మీద, కుదిపి చూస్తారు కాబట్టి భూకంపానికి భయపడనక్కరలేదని మా బంధువొకరు గట్టిగా వాదించారు. ఆ మాట నాకు మింగుడుపడలేదు. పరీక్షలో నెగ్గేది కొత్త వాల్వు, అదీ ఒంటరిగా. ప్లాంటులో అది ఇరవై ఏళ్ల వేడినీ తడినీ భరించి ఉంటుంది. ఒక పైపు, ఒక కేబులు, ఒక గాలి గొట్టం సరిగా ఉంటేనే పని చేస్తుంది. అనుభవం ఉన్నవారు చెప్పండి: ఆ పరీక్షకు ఎంత విలువ ఇవ్వాలి?

పాత ఫిట్టరు (కాకినాడ):
మీ బంధువుగారు సగం నిజం చెప్పారు, మీరు ఒకచోట పొరబడ్డారు. వాల్వును తిప్పే మోటారునూ, దాని స్విచ్చులనూ కొత్తవిగా తీసుకెళ్లి కుదపరు. ముందు వాటిని వేడిలో ఉంచి, రేడియేషన్ తగిలించి, పదే పదే తెరిచి మూసి, బలవంతాన ముసలివాటిని చేసిన తర్వాతనే బల్ల ఎక్కిస్తారు. చిన్న భూకంపాలు ఐదింటికి సరిపడే కుదుపులు ముందు, ఆ స్థలానికి లెక్కగట్టిన పెద్ద భూకంపం తర్వాత. పగలకుండా మిగిలితే చాలదు. చెప్పిన వ్యవధిలో తెరుచుకోవాలి, మూసుకోవాలి.

ఇక వాల్వు ఓడిపోయేది ఒంటితో కాదు, తలతో. ఉక్కు బాడీ తాను బిగిసి ఉన్న పైపు కంటే మందంగా ఉంటుంది. దాని మీద యోకు అనే నిలువు చట్రం, యోకు మీద గేరుబాక్సు, పక్కకు పొడుచుకొచ్చిన బరువైన మోటారు ఉంటాయి. గెలలన్నీ ఒక్క పక్కనే వేసిన కొబ్బరిచెట్టు గాలికి ఎలా వంగుతుందో, కుదుపుకు ఆ యోకు అలా వంగుతుంది. వంగిన క్షణంలో స్పిండిల్ (గేటును ఎత్తే కడ్డీ) గ్లాండులో (ఆ కడ్డీ చుట్టూ కారకుండా బిగించిన చోట) పట్టేసిందంటే మోటారు ఎంత మూలిగినా లోపలి గేటు కదలదు. అందుకే యోకు సహజ పౌనఃపున్యం, అంటే తట్టి వదిలితే తనంతట తాను ఊగే వేగం, 33 హెర్ట్జ్ (సెకనుకు 33 ఊపులు) దాటేలా గట్టిగా కడతారు. భూకంపపు బలం దాదాపు అంతా అంతకంటే కింది పౌనఃపున్యాల్లోనే ఉంటుంది. బల్లకు ఎక్కని పెద్ద వాల్వులకు వేరే పద్ధతి ఉంది: లోపల ఒత్తిడి పెట్టి, మోటారు తలను ఇనుపతాడుతో పక్కకు లాగి పట్టి, ఆ లాగుడులోనే తెరిచి మూయిస్తారు. ఒక వర్క్‌షాపులో ఆ పరీక్షను నేను దగ్గర నిలబడి చూశాను. తాడు బిగిసినకొద్దీ డయల్ గేజి ముల్లు వణుకుతూ జరిగింది. స్పిండిల్ మాత్రం గ్రీజు మెరుస్తూ నిదానంగా పైకి లేచింది.

రొయ్యల చెరువు (భీమవరం):
నేను ఇంజనీరింగ్ చదవలేదండి. వోల్టేజి పడినప్పుడు మా ఏరేటర్ల స్టార్టరులో కాంటాక్టరు టకటకమని కొట్టుకుంటుంది, మోటారులో ఏ లోపమూ లేకపోయినా ఆగిపోతుంది. భూకంపంలో ఈ వాల్వుల ప్యానెళ్లకూ అదే గతి పట్టదా?

పాత ఫిట్టరు:
పడుతుంది. ప్రశ్న చిన్నదే గాని అసలు నొప్పి ఉన్నచోటే వేలు పెట్టారు. కుదుపుకు రిలే (సంకేతాలు పంపే చిన్న కరెంటు స్విచ్చు) కాంటాక్టు ఒక్క లిప్త విడిపోయినా, మూసి ఉండవలసిన వాల్వుకు తెరుచుకోమన్న సంకేతం వెళ్లవచ్చు. రెండు మిల్లీసెకన్లకు మించి కాంటాక్టు చెదిరితే ఆ రిలే తప్పినట్టే లెక్క. పైగా ప్యానెల్ పై అంతస్తులో ఉంటే నేల కుదుపు అక్కడికి చేరేసరికి పెరుగుతుంది కాబట్టి, పరీక్షలో నేల కుదుపును కాక ఆ అంతస్తు కుదుపును వాడాలి. పైపు మధ్యలో వేలాడే వాల్వుకు అది ఇంకా పెరుగుతుంది.

కాలువగట్టు:
కొత్త వాల్వు మాట వెనక్కు తీసుకుంటున్నాను. అయినా నా అనుమానం తీరలేదు, ఎందుకంటే 2011 మార్చి 11న ఫుకుషిమాలో వాల్వులను చెడగొట్టింది కుదుపు కాదు. మొదటి యూనిట్‌లో ఆవిరిని చల్లబరిచే ఐసోలేషన్ కండెన్సర్ ఉంది. సునామీ నీటికి బ్యాటరీ కరెంటు పోగానే, పైపు పగిలిందేమోనన్న ముందుజాగ్రత్తతో అల్లిన తర్కం దాని వాల్వులకు మూసుకోమన్న సంకేతం ఇచ్చింది. రక్షణ కోసం పెట్టిన ఏర్పాటే చల్లదనాన్ని ఆపేసిందన్నమాట. మరునాడు ఒత్తిడి వదలడానికి మనుషులు చీకట్లోకి వెళ్లి ఒక వాల్వును చేత్తో 25 శాతం తెరిచారు. గాలితో నడిచే రెండో వాల్వు దగ్గరికి రేడియేషన్ వల్ల చేరలేక, బయటి నుంచి కంప్రెసర్ తెప్పించవలసి వచ్చింది. మూడో యూనిట్‌లో ఒత్తిడి తగ్గించే రిలీఫ్ వాల్వులు తెరవడానికి కార్ల బ్యాటరీలు ఊడదీసి తెచ్చారు. మా లాకు దగ్గర కరెంటు లేనప్పుడు లస్కరు వానలో తడుస్తూ హ్యాండిల్ తిప్పి షట్టరు ఎత్తుతాడు, కాని అతని దారికి ఎవరూ అడ్డం రారు. షేక్ టేబుల్ మీద ఈ దారిని ఎవరు పరీక్షిస్తారు?

లంకలో మాస్టారు (రాజోలు):
కుదుపు ఏమీ చేయలేదని అంత తేలికగా రాయకండి. మొదటి యూనిట్‌లో సునామీకి ముందే భూకంపం వల్ల చిన్న పైపు చీలి ఉండే అవకాశాన్ని కొట్టిపారేయలేమని జపాన్ పార్లమెంటు నియమించిన సంఘం 2012లో చెప్పింది. ఆ దేశంలోనే మిగతా విచారణలు దానితో ఏకీభవించలేదు. మనకూ 1967లో ఒంగోలు, 1969లో భద్రాచలం అనుభవాలు ఉన్నాయి. అయితే డెల్టా ఒండ్రు మీద మన ఇళ్లు ఊగిన లెక్కను రాతి మీద కట్టే రియాక్టరుకు అంటగట్టకూడదు.

పాత ఫిట్టరు:
మాస్టారు గారి రెండు మాటలూ ఒప్పుకుంటాను. అవతలి పక్కా చూడండి. 2007లో జపాన్‌లోని కషివజాకి కరివాలో, 2011 ఆగస్టులో అమెరికాలోని నార్త్ అన్నాలో, డిజైను లెక్కను మించి భూమి కదిలింది. రెండుచోట్లా నడుస్తున్న రియాక్టర్లు భద్రంగా ఆగాయి. ఒకచోట ట్రాన్స్‌ఫార్మర్ తగలబడింది, రెండోచోట ఒక డీజిల్ జనరేటర్ కూలెంట్ కారి ఆగిపోయింది. భద్రత కోసం పెట్టిన వాల్వులు రెండుచోట్లా తట్టుకున్నాయి. అందులో షేక్ టేబుల్ పుణ్యమూ ఉంది. మీరు చెప్పిన కరెంటు, గాలి, మనిషి నడిచే దారి ఆ పరీక్షలోకి రావు, నిజమే. వాటిని వేరే లెక్కగట్టాలి గాని, రాలేదని పరీక్షను తీసిపారేయకూడదు.

కాలువగట్టు:
తీసిపారేయడం లేదు, అదొక్కటే చాలంటే ఒప్పుకోను. చివరగా ఒక్క సంగతి చెప్పండి. కొవ్వాడకు అనుకుంటున్న ఏపీ 1000 అనే రకం రియాక్టర్లలో పంపులు లేకుండానే 72 గంటలు చల్లబడుతుందంటారు. అక్కడ వాల్వుల పాత్ర ఏమిటి?

పాత ఫిట్టరు:
పంపులు పోయినా వాల్వులు పోలేదండి. కొన్ని గాలి పోగానే వాటంతటవే తెరుచుకుంటాయి, అవి మంచివి. నాకు ఇబ్బంది ఒత్తిడి దింపే ఆఖరి దశలోని స్క్విబ్ వాల్వులతో. మందుగుండు పేలి లోపలి మూతను తెంపితే అవి తెరుచుకుంటాయి. ఒకసారి తెరిస్తే మళ్లీ మూయలేము, కాబట్టి బిగించిన వాల్వును తెరిచి చూసే వీలే లేదు. మందుగుండును విప్పి వేరేచోట పేల్చి చూస్తారు. దానికి నిప్పు అందించేది బ్యాటరీయే. మోటారు వాల్వుకైతే చేతి చక్రం ఉంటుంది, దీనికి అదీ లేదు. కాబట్టి ఈ ఒక్కదాని విషయంలో, బ్యాటరీ గది ఏ ఎత్తులో కడతారో కాగితం మీద చూసేవరకు నేను కూడా మీ పక్షమే.