ముంపు బాధితులకు కుట్టు శిక్షణ ఇస్తే సరిపోతుందా?

కొండాపురం ఆడపడుచు
2020లో కడప జిల్లా గండికోట జలాశయంలో మా ఊరు మునిగింది. ఇప్పుడు పునరావాస కాలనీలో ఆడవాళ్లకు మళ్లీ కుట్టు శిక్షణ పెడుతున్నారట. సూటిగా అడుగుతున్నాను, ఇది సాయమా, లెక్క చూపించుకోవడమా? పోయినసారి నేనూ వెళ్లాను. నేర్పిన మేడం మీద ఫిర్యాదు లేదు, కాజాలు కుట్టడం కూడా ఓపికగా చూపించింది. కానీ మా వీధిలోనే తొమ్మిది ఇళ్లలో మిషన్లున్నాయి. ఎవరి రవికలు వాళ్లే కుట్టుకుంటే కూలి ఇచ్చేదెవరు? నా మిషను మీద ఇప్పుడు బియ్యం మూట ఉంది. మా మామ చీనీ (బత్తాయి) ఆకు రంగు చూసి చెట్టుకు ఏం కావాలో చెప్పేవాడు. ఆయన వాకిట్లో ఊరికే కూర్చుంటున్నాడు. పని రాక కాదు, ఆ పని చేయడానికి నేల లేక.

మెకానిక్ తమ్ముడు
అక్కా, నీ బాధ కాదనను. కానీ శిక్షణే దండగ అంటే ఒప్పుకోలేను. మాదీ ముంపు ఊరే. పరిహారం ఇల్లు కట్టడానికి, మా అక్క పెళ్లికి సరిపోయింది. నేను అనంతపురంలో ఉచిత వసతి, భోజనంతో ఫ్రిజ్, ఏసీ రిపేరు నేర్చుకున్నాను. ఈ రోజు ఇల్లు గడిచేది ఆ పనితోనే. చేతికొచ్చిన డబ్బు కరిగిపోతుంది, చేతికొచ్చిన పని పోదు.

కొండాపురం ఆడపడుచు
సంతోషం తమ్ముడూ. నువ్వు వెళ్లినప్పుడు నీకు ఇరవై ఏళ్లుంటాయేమో. మా ఆయనకు 47. పల్లె యువతకు పని నేర్పే కేంద్ర పథకం దీన్‌దయాళ్ గ్రామీణ కౌశల్య యోజనకు మామూలుగా 35 ఏళ్లే హద్దు. ఊరు మునిగేటప్పుడు నీళ్లు వయసు చూసి రాలేదు కదా.

కృష్ణ ఒడ్డు పెద్దాయన
మాది కర్నూలు వైపు, శ్రీశైలం ముంపు. 1981లో ఖాళీ చేయించారు. నిర్వాసిత కుటుంబాలకు ఉద్యోగాలంటూ 1986లో జీవో 98 వచ్చింది. నూనూగు మీసాలప్పుడు మా తమ్ముడు దరఖాస్తు పెట్టాడు. పక్కింటి అబ్బాయికి లష్కరు (కాలువల దగ్గర నీళ్లు చూసే పనివాడు) పోస్టు వచ్చింది, మావాడి వంతు వచ్చేసరికి వయసు మీరిందన్నారు. వేసవిలో నీళ్లు తగ్గి సంగమేశ్వరం గుడి బయటపడే రోజుల్లో మా ఊరి పునాదులూ తేలతాయి. వాడు ఒక్కడే వెళ్లి మా ఇంటి గడపరాయి మీద కూర్చుని వస్తాడు. అమ్మా, ఏది ఇస్తామన్నా కాగితం మీద తేదీ వేయించుకోండి.

చట్టం చదివినవాడు
2013 భూసేకరణ చట్టం రెండో షెడ్యూలు చూడండి. ప్రాజెక్టు వల్ల ఉద్యోగాలు ఏర్పడేచోట కుటుంబంలో ఒకరికి తగిన శిక్షణ ఇచ్చి, కనీస వేతనానికి తగ్గకుండా పని చూపించాలి. లేదా ఒకేసారి 5 లక్షలు, లేదా నెలకు 2,000 చొప్పున 20 ఏళ్లు. 'ఏర్పడేచోట' అన్న మాట దగ్గరే మెలిక. జలాశయంలో గేట్లు ఎత్తడానికి ఎంతమంది కావాలి? అయితే అదే షెడ్యూల్లో ఇంకో సంగతి ఉంది. సాగునీటి ప్రాజెక్టుల్లో బాధిత కుటుంబాలకు చేపలు పట్టే హక్కు ఇవ్వవచ్చు. దీని గురించి మన కాలనీల్లో ఎవరూ మాట్లాడరు.

మెకానిక్ తమ్ముడు
ఇది నాకు తెలియదు అన్నా. మనవాళ్లు మెట్ట రైతులు, వల విసరడం రాదు. నేర్పాల్సింది అదే కదా! పుట్టి నడపడం, పిల్ల చేపలు వదలడం, ఐసు పెట్టి కడప మార్కెట్టుకు పంపడం. దానికి 47 ఏళ్లు అడ్డు కాదు.

కొండాపురం ఆడపడుచు
మా చేలు ముంచిన నీళ్లలో చేప మాది కావాలని అడగడం న్యాయమే. హక్కు ముందు రావాలి, శిక్షణ దాని వెంట రావాలి. హక్కు లేకుండా వల నేర్పితే అది ఇంకో కుట్టు మిషను. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇస్తాను. మామను కూడా తీసుకెళ్తున్నాను, చీనీ నర్సరీకి కాలనీ పక్కన కాస్త నేల ఆయనే అడుగుతాడట. చట్టం చదివినవారు ఆ చేపల హక్కు పేరా తెలుగులో రాసి ఇక్కడ పెట్టండి, అర్జీకి జత చేస్తాను.