ట్విట్టర్ లాంటి మాస్టోడాన్, బ్లూస్కై వాడే టీచర్లు ఉన్నారా? మీ అనుభవం చెప్పండి

లెక్కల_టీచర్:
హైస్కూల్లో లెక్కలు చెప్తానండి. మా స్కూల్లో ఈ సబ్జెక్టుకి నేనొక్కదాన్నే, ఒక పాఠం పిల్లలకి ఎందుకు ఎక్కలేదో కూర్చుని మాట్లాడుకోడానికి తోడు లేదు. ట్విట్టర్లో ఆ లోటు తీరేది, 2022 అక్టోబర్లో అది చేతులు మారాక మా గుంపంతా చెల్లాచెదురైపోయింది. మాస్టోడాన్లో చేరి పది రోజులైంది, హోం ఫీడ్ ఖాళీ. మీకెలా కుదిరింది?

నల్లబల్ల:
నాకూ మొదట్లో అంతేనండి. అక్కడ హోంలో అల్గారిదం తెచ్చి పెట్టేదేమీ ఉండదు, మనం ఫాలో అయినవాళ్ల పోస్టులు టైం వరసలో వస్తాయి, ఎవర్నీ ఫాలో అవ్వకపోతే ఏం వస్తుంది చెప్పండి. మీ సబ్జెక్టు హ్యాష్‌ట్యాగ్‌లనే ఫాలో అవ్వండి, 4.0 వెర్షన్ నుంచి ఆ వీలుంది. మీరు రాసేవాటికి కూడా ట్యాగ్ తప్పకుండా పెట్టండి, ఎందుకంటే పోస్టులో మాటల్ని బట్టి వెతికితే, రాసినవాళ్లు సెట్టింగ్స్‌లో ఒప్పుకున్నవే వేరేవాళ్లకి దొరుకుతాయి.

ల్యాబ్_గది:
మాస్టోడాన్ అంతా ఒకళ్ల చేతిలో ఉండదు, ఎవరికి వారు నడిపే చాలా సర్వర్లు కలిసి ఉంటాయి, అందుకే మీ సర్వర్ ఎవరు నడుపుతున్నారో చూసుకుని చేరండి. నేనున్నది ఒక్కాయన సొంత డబ్బుతో నడిపేవారు, మోయలేక మూసేశారు. పాపం ముందే చెప్పారు కాబట్టి వేరే సర్వర్‌కి మారిపోయా, ఫాలోవర్లు నాతో వచ్చేశారు, పోస్టులు మాత్రం రాలేదు. రెండేళ్లుగా ప్రయోగాల గురించి రాసుకున్నదంతా అక్కడే ఉండిపోయింది, ఇప్పటికీ బాధే. మన పోస్టుల కాపీ (ఆర్కైవ్) డౌన్‌లోడ్ చేసుకునే వీలుంటుంది, అప్పుడప్పుడూ చేసుకోండి.

చిట్టి_అక్షరాలు:
నేను బ్లూస్కైలో ఉన్నానండి. స్టార్టర్ ప్యాక్ అని ఉంటుంది, ఎవరో ఒక టీచర్ తనకి తెలిసినవాళ్లని జాబితాగా పెడితే ఒక్క నొక్కుతో అందర్నీ ఫాలో అవ్వొచ్చు, నాకు మొదటి రోజే మనుషులు దొరికారు. కానీ 300 అక్షరాల్లో పాఠం గురించి ఏం చెప్తాం, మాస్టోడాన్లో మామూలుగా 500 ఇస్తారు కదా.

నల్లబల్ల:
ఇంకోటి, పిల్లల పేర్లు, ఫొటోలు, నోట్సు మీద రోల్ నంబర్లు ఎక్కడా పెట్టొద్దు. పోస్టు కాపీలు వేరే సర్వర్లకి వెళ్లిపోతాయి, మనం డిలీట్ చేసినా అన్నిచోట్లా పోతుందన్న గ్యారంటీ లేదు. ప్రైవేట్ మెసేజ్ కూడా సర్వర్ అడ్మిన్ చూడాలనుకుంటే చూడగలరు.

లెక్కల_టీచర్:
అందరికీ థాంక్సండి. ట్యాగ్ పెట్టి నిన్న ఒకటి అడిగా, మా పిల్లలు 1/2 కి 1/3 కలిపి 2/5 అంటున్నారు, ఎన్నిసార్లు చెప్పినా అంతే అని. సాయంత్రానికి ముక్కూమొహం తెలీని ఒకాయన జవాబిచ్చారు, పద్ధతి మళ్లీ చెప్పకండి, 2/5 సగం కన్నా తక్కువ కదా, సగానికి ఇంకొంత కలిపితే తగ్గుతుందా అని వాళ్లనే అడగండి అని. రేపు ఫస్ట్ పీరియడ్‌లో అడిగి చూస్తా, ఏమైందో ఇక్కడ కూడా రాస్తా.