పాత అకార్డియన్: రీడ్లకు మళ్ళీ మైనమా, తోలు వేసి స్క్రూలా?

పెన్నా_శ్రుతి (కడప):
హోనర్ పియానో అకార్డియన్. 41 మెట్లు, 120 బాసు బొత్తాలు, కుడి పక్క మూడు వరసల రీడ్లు. వెనక ‘మేడ్ ఇన్ వెస్టర్న్ జర్మనీ’ అని ఉంది. కొన్ని మెట్లు పలకవు, కొన్ని గరగరమంటాయి. మూత తీస్తే నాలుగు రీడ్ ప్లేట్లు (పలికే నాలుకలు బిగించిన లోహపు రేకులు) ఊడి కింద పడున్నాయి, వాటిని అతికించిన మైనం తెల్లబడి పెళుసుగా ఉంది. హార్మోనియం మేస్త్రి “మైనం మన ఎండకు నిలవదు, తోలు వేసి స్క్రూలు బిగిద్దాం” అంటున్నాడు. చేయించవచ్చా?

సీమ_తిత్తి (కర్నూలు):
వద్దన్నా. దానికి డ్రిల్లు తగలనీయొద్దు.

హార్మోనియంలో ఇత్తడి రీడుకు నాలుక ఒకటే, గాలి పోయేదీ ఒకే దిక్కు. వెడల్పాటి పలక మీద రీడుకూ రీడుకూ మధ్య చోటుంటుంది, స్క్రూ పడుతుంది. అకార్డియన్ ప్లేటుకు రెండు పక్కలా ఒక్కో ఉక్కు నాలుక ఉంటుంది. తిత్తి లాగితే ఒకటి, నొక్కితే రెండోది పలుకుతుంది. కుడి పక్కనే 41 × 3, అంటే 123 ప్లేట్లు, 246 నాలుకలు. అన్నీ సన్నటి చెక్క దిమ్మలకు రెండు వైపులా ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. దిమ్మలో ఒక్కో స్వరానికి ఒక్కో గాలి గది, గదికీ గదికీ మధ్య గోడ మందం మిల్లీమీటర్లలోనే. స్క్రూ దిగితే గోడ చీలి, ఒక స్వరం గాలి పక్కదానిలోకి పోతుంది. ఆ దిమ్మ మళ్ళీ దొరకదు.

‘వెస్టర్న్ జర్మనీ’ ముద్ర ఉందంటే 1949 తర్వాతిది. అన్నేళ్ళకు మైనం పెళుసెక్కడం మామూలే, అది ఎండ చేసిన పని ఒక్కటే కాదు.

హార్మోనిస్ట్_ప్రొద్దుటూరు:
సార్, మేస్త్రి మాటను అట్ల కొట్టెయ్యకండి. సురభి నాటకం పుట్టింది ఈ జిల్లాలోనే, 1885లో. పద్యనాటకాల హార్మోనియాలు మే నెల ఎండలో ఊరూరూ తిరిగినా రీడు ఊడదు. రష్యా వాళ్ళ బొత్తాల అకార్డియన్, బాయాన్ సంగతేమిటి? అందులో తోలు పరిచి ప్లేటును మేకులతో బిగిస్తారు కదా. మైనం లేకుండా అకార్డియన్ పలకదనేది నిజం కాదు.

సీమ_తిత్తి:
బాయాన్ గురించి మీరన్నది సరైనదే. కానీ అక్కడ చాలా స్వరాలకు కలిపి ఒకటే పెద్ద ప్లేటు, దానికి తగ్గట్టే దిమ్మ. ఇక్కడ స్వరానికొక ప్లేటు. పైగా తోలు మందం కలిస్తే ప్లేటు ఎత్తు మారి, పక్క దిమ్మకు తగిలే ప్రమాదం ఉంది.

ఎండ సంగతికొస్తే, తేనెమైనం కరిగేది 62–64 డిగ్రీల దగ్గర. కర్నూలు ఎండ 43 అయినా నీడలో ఉన్న పెట్టెలో కరగదు, కొంచెం మెత్తబడుతుంది అంతే. చెడగొట్టేది ఎండలో నిలిపిన కారు, రేకుల కింద అటక. పెట్టెను పడుకోబెట్టకుండా వాయించే భంగిమలోనే కాళ్ళ మీద నిలబెడితే వాల్వు తోళ్ళు (గాలిని ఒక దిక్కుకే వదిలే సన్నటి తోలు ముక్కలు) కూడా వంగవు.

ప్లేట్లన్నీ పీకి మళ్ళీ పోయాల్సిన మైనం మిశ్రమం: తేనెమైనం 200 గ్రాములు, రోజిన్ (పైన్ చెట్టు బంక) 50 గ్రాములు. సోల్డరింగ్ సామాను అమ్మే అంగట్లో రోజిన్ దొరుకుతుంది. కొందరు అవిసె నూనె చుక్కలు కలుపుతారు, మన ఎండకు అది వద్దు. రోజిన్ ఎక్కువైతే పెళుసు, తక్కువైతే లోహానికి పట్టదు. నీళ్ళగిన్నెలో గిన్నె పెట్టి కరిగించాలి. నేరుగా మంట మీద పెడితే పొగలొచ్చి రోజిన్ మాడుతుంది. అంగట్లో మైనం పేరుతో ఇచ్చేది తరచు కొవ్వొత్తి పారఫిన్. వేళ్ళ మధ్య నలిపితే పొరలుగా విరిగితే అది పారఫిన్, ముద్దగా సాగితే తేనెమైనం.

తాడిపత్రి_వాద్యం:
అన్నీ పీకడం దేనికన్నా? ఊడిన నాలుగూ అతికించి వాయించుకోవచ్చు కదా. ముట్టుకోకుండా ఉన్నదాన్ని కదిలిస్తేనే శ్రుతి పోతుంది.

సీమ_తిత్తి:
సూదితో పొడిచి చూడండి. మైనం గుంట పడితే ప్రాణముంది, నాలుగూ అతికిస్తే చాలు. పెచ్చులూడితే మిగతావీ రేపోమాపో ఊడేవే. చచ్చిన మైనం మీద కొత్తది పోస్తే పట్టదు, సందుల్లోంచి గాలి లీకై స్వరం బలహీనమవుతుంది.

పీకే ముందు దిమ్మదిమ్మకూ ఫొటో తీసి, ప్లేట్లకు పెన్సిలుతో నంబర్లు వేయండి. దిమ్మలను బయటికి తీసి దూరంగా పని చేయండి: పెట్టె పై తొడుగు సెల్యులాయిడ్ (త్వరగా అంటుకునే పాతకాలపు ప్లాస్టిక్) అయితే, మైనం కరిగించే సోల్డరింగ్ కడ్డీ తగిలిన క్షణంలో అంటుకుంటుంది. పాత మైనమంతా గీకి, స్పిరిటుతో తుడవాలి. గరగరకు కారణం చాలాసార్లు వాల్వు తోలు బిగుసుకుని పైకి లేవడమే, కాబట్టి తోళ్ళు మార్చాకే మైనం. పోసేటప్పుడు అది నీళ్ళలా పారాలి. చల్లారింది పోస్తే పైన గడ్డకట్టి, తర్వాత ఊడొస్తుంది. ఫెవికాల్, గ్లూ గన్ వాడితే మళ్ళీ విప్పే దారుండదు.

శ్రుతి ఆఖరున. కొనదగ్గర గీకితే స్వరం పెరుగుతుంది, రివెట్ దగ్గర గీకితే తగ్గుతుంది. ఊరి హార్మోనియానికి సరిపెట్టాలని మొత్తం నాలుకలు గీకించొద్దు, ఉక్కు పోతే తిరిగి రాదు.

హార్మోనిస్ట్_ప్రొద్దుటూరు:
కుడి పక్కకు ఒప్పుకుంటాను. బాసు పక్క పెద్ద ప్లేట్ల మాటేమిటి? అవి బరువు, దెబ్బకు ఊడేవి ముందు అవే.

సీమ_తిత్తి:
వాటికి మైనంతో పాటు అంచున చిన్న మేకు ఆనించడం ఫ్యాక్టరీలు కూడా చేసిన పనే. మేకు ప్లేటుకు బయట, దిమ్మ మందంగా ఉన్న చోట దిగాలి. తల ప్లేటును ఒత్తకుండా తాకి ఉంటే చాలు. ఒత్తితే ప్లేటు వంగి నాలుక అంచు తగిలి, ఆ స్వరం మూగబోతుంది.