మొదటి ట్రెక్కింగ్‌కు బ్యాగు: 3,000లో ఏది కొంటే ఆగుతది?

కాజీపేట పోరడు:
అందరికీ నమస్తే. డిసెంబర్‌లో ఉత్తరాఖండ్‌ల ఉన్న మంచుకొండ కేదార్‌కంఠ పోదామని నలుగురం అనుకున్నం. ఎవ్వరికీ ట్రెక్కింగ్ అలవాటు లేదు. అంతకంటే ముందు రేగొండ దగ్గర పాండవుల గుట్టల్లో ఒక రోజు నడిచి చూద్దామని ప్లాన్. బ్యాగుకు నా బడ్జెట్ 3,000, మహా అయితే ఇంకో 500. ఆన్‌లైన్‌లో 65 లీటర్ల రక్‌సాక్ 1,200కే ఉంది, ఫొటోలో పట్టీలు, పాకెట్లు మస్తుగున్నయి. దానికి రెండింతలు పెడితే 50 లీటర్లదే వస్తోంది. పెద్దది తీసుకుంటే రెండింటికీ పనికొస్తది కదా? నా ఎత్తు 5 అడుగుల 5 అంగుళాలు, బరువు 58 కిలోలు. ఏం చూసి కొనాలె?

గుట్టలబాట:
తమ్మీ, ఆ 65 లీటర్లది వద్దు. జాగ ఉన్నకొద్దీ సామాను చేరుతది, మోసేది నువ్వే. కేదార్‌కంఠకు టెంటు, స్లీపింగ్ బ్యాగు చాలామటుకు తీసుకపోయేటోళ్లే ఇస్తరు. నీకు మిగిలేవి చలిబట్టలు, వాన జాకెట్, నీళ్లు, టార్చి, మందులు. 45 నుంచి 50 లీటర్లు చాలు.

బరువు లెక్క కూడా చూసుకో. మొదటిసారి పోయేటోళ్లు ఒంటి బరువులో 15 శాతం దాటకపోతే మంచిది. నీకైతే 9 కిలోల దగ్గర ఆగాలె. అందులో ఖాళీ బ్యాగే 1.5 నుంచి 2 కిలోలు, నీళ్లు 2 లీటర్లంటే 2 కిలోలు. మిగిలేది 5 కిలోలే.

పాండవుల గుట్టలకు కొత్తది కొనకు. ఛాతీ మీద పట్టీ ఉన్న 20, 25 లీటర్ల కాలేజీ బ్యాగు సరిపోతది. అక్కడ రాళ్ల సందుల్లో నుంచి దూరాల్సి వస్తది, పక్కలకు ఉబ్బిన పెద్ద బ్యాగు రాయికి రాసుకుంటది. 3 లీటర్ల నీళ్లు మాత్రం మర్చిపోకు.

ఇప్పుడు అసలు సంగతి. లీటర్లకంటే ముందు నీ వీపు పొడవు చూడాలె. తల కిందికి వంచితే మెడ మొదట్ల ఒక ఎముక పొడుచుకొస్తది, అది పై గుర్తు. రెండు చేతులు నడుం ఎముకల మీద పెట్టి బొటనవేళ్లు వెనక్కి తిప్పు. ఆ రెండు వేళ్ల మధ్య గీత కింది గుర్తు. ఈ రెండిటి నడుమ టేపుతోని వేరేవాళ్లతో కొలిపించుకో. ఎత్తును బట్టి అంచనా వేస్తే తప్పుతది, ఒకే ఎత్తున్న ఇద్దరికి వీపు 4, 5 సెంటీమీటర్లు తేడా ఉండొచ్చు. నీ కొలతకు బ్యాగు పొడుగైతే నడుం బెల్టు పిరుదుల మీదికి జారుతది. పొట్టిదైతే పొట్ట మీదికి ఎక్కుతది. రెండిట్లోనూ బరువంతా భుజాల మీదనే పడుతది.

నడుం బెల్టు ఎందుకంటే, సరిగ్గా కూర్చుంటే బరువులో ఎక్కువ భాగం అదే మోస్తది. అందుకే నీ డబ్బులు పాకెట్లకు కాకుండా బెల్టుకు పెట్టు. స్పాంజిని రెండు వేళ్లతో గట్టిగా నొక్కు. వేళ్లు ఒకదానికొకటి తగిలినట్టు అనిపిస్తే ఆ బెల్టు రెండో రోజుకే తాడులా కోస్తది. తర్వాత ఖాళీ బ్యాగును పైనా కిందా పట్టుకొని నొక్కు. నడుమ మడత పడిందంటే లోపల బ్యాగును నిటారుగా నిలబెట్టే ఫ్రేమ్ లేనట్టే. 1,200కు వచ్చే 65 లీటర్ల వాటిల్లో చాలావరకు ఇక్కడే దొరికిపోతయి.

కాజీపేట పోరడు:
అన్నా, కొలిపించిన, 44 సెంటీమీటర్లు వచ్చింది. షాపుల అన్నీ ‘ఒకే సైజు’ అంటున్నరు. మరి ఎట్ల?

గుట్టలబాట:
వీపు వైపు వెల్క్రోతో భుజం పట్టీల ఎత్తు మార్చుకునే మోడళ్లు ఉంటయి, అదే అడుగు. డెకాథ్లాన్‌లో గానీ, వైల్డ్‌క్రాఫ్ట్‌లో గానీ పేరు చూసి కొనకు, మోడల్ చూసి కొను. ఒక్క కంపెనీలోనే ఫ్రేమ్ ఉన్నవీ లేనివీ రెండూ అమ్ముతరు.

షాపుకు 2 లీటర్ల నీళ్ల సీసాలు నాలుగు తీసుకపో. బ్యాగులో పెడితే 8 కిలోలు. అన్ని పట్టీలు వదులు చేసి తొడుక్కో. ముందు నడుం బెల్టు, ఎముక మీద కూర్చోబెట్టి బిగించు. ఆ తర్వాత భుజం పట్టీలు, తర్వాత భుజం మీది చిన్న పట్టీలు, ఆఖరికి ఛాతీ పట్టీ. ఈ వరుస తప్పితే మంచి బ్యాగు కూడా భుజాలు లాగుతది. బెల్టు బిగించినంక ఇంకా కొంచెం గుంజే జాగ మిగలాలె. 15 నిమిషాలు షాపులోనే తిరుగు, మెట్లుంటే ఎక్కి దిగు.

రెగ్జిన్‌పని:
కుట్టు గురించి ఎవరూ చెప్పలేదు. బ్యాగు బట్ట చినగడం తక్కువ, చినిగేది కుట్టు దగ్గరే. ముఖ్యంగా భుజం పట్టీ బ్యాగుకు కలిసే చోటు. అక్కడ గుణకారం గుర్తుతో ఉన్న చదరపు కుట్టు గానీ, పక్కపక్కనే దగ్గరగా వేసిన అడ్డకుట్టు గానీ ఉండాలి. ఒకే వరుస సాదా కుట్టు అయితే బ్యాగును ఒంటి పట్టీతో ఎత్తినప్పుడల్లా ఆ దారం మీదే జర్క్ పడుతుంది.

బ్యాగును లోపలి వైపు తిప్పి చూడండి. బట్ట అంచులకు టేపు వేసి కుట్టారా, అట్లాగే వదిలేశారా? వదిలేస్తే పోగులు ఊడి జిప్‌లో ఇరుక్కుంటాయి, చివరికి కుట్టే జారిపోతుంది. జిప్ రన్నర్, అంటే లాగితే జరిగే ముక్క, వెనక చాలాసార్లు నంబర్ ఉంటుంది. పెద్ద అరకు 8 లేదా 10 మంచిది, 5 చిన్న పాకెట్లకే. నడుస్తుంటే జిప్ వెనక పళ్లు విడిపోతే చెడింది పళ్లు కాదు, రన్నర్ నోరు తెరుచుకుంది. కటింగ్ ప్లయర్‌తో రెండు పక్కలా మెల్లగా నొక్కితే తాత్కాలికంగా పట్టుకుంటుంది. గట్టిగా నొక్కితే విరుగుతుంది.

బట్ట గురించి 420డి, 600డి అని రాసి ఉంటుంది. డి అంటే డెనియర్, 9,000 మీటర్ల పోగు బరువు గ్రాముల్లో. అది పోగు లావు మాత్రమే. 600డి పాలిస్టర్ కంటే 420డి నైలాన్ తక్కువ అనుకోకండి, నైలాన్ అదే బరువుకు గట్టిది.

బ్యాగు మిగతా అంతా బాగుండి ఆ పట్టీ కుట్టే అనుమానంగా ఉంటే, బైక్ సీటు కవర్లు కుట్టే షాపులో ఇవ్వండి. వాళ్ల మిషన్ మందం దారం తీసుకుంటుంది. నైలాన్ దారమే వేయమని చెప్పండి, నూలు దారం చెమటకు కుళ్లుతుంది. అదనంగా ఒక నడుం బకిల్, ఒక మీటరు సన్నటి నైలాన్ తాడు జేబులో ఉంచుకోండి. బకిల్ కొండ మీద విరిగితే ఇంకోటి దొరకదు.

ములుగు అక్క:
తమ్ముడూ, రెయిన్ కవర్ ఉంది కదా అని ధీమా పడకు. అది వీపు వైపు కప్పదు, జాకెట్ మీద నుంచి కారిన నీళ్లు అక్కణ్ణుంచే లోపలికి దిగుతాయి. బ్యాగులో ముందే ఒక మందపాటి పెద్ద ప్లాస్టిక్ కవర్ పరిచి, సామానంతా అందులో పెట్టి మూతి తిప్పి మడిచెయ్. రాత్రి వేసుకునే సాక్సులు, థర్మల్ జత ఇంకో కవర్లో విడిగా.

సర్దేటప్పుడు అడుగున రాత్రికి గానీ అక్కరలేని బట్టలు. బరువైనవి నడిమధ్యలో, వీపుకు ఆనుకొని. బరువు వీపుకు దూరంగా ఉంటే బ్యాగు వెనక్కి లాగుతుంది, దాన్ని ఆపడానికి ముందుకు వంగి నడుస్తారు, సాయంత్రానికి నడుం పోతుంది. వాన జాకెట్, గ్లవ్స్ అన్నిటికంటే పైన. కింద వేలాడే చెంబు, చెప్పుల జత లాంటివి కట్టొద్దు.

నీళ్ల ట్యూబు ఉన్న బ్యాగు కోసం ఎక్కువ డబ్బు పెట్టొద్దు. డిసెంబర్‌లో అక్కడ ట్యూబులో నీళ్లు గడ్డకడతాయి. సీసాలే నయం. నడుస్తూ చేత్తో అందుకునేలా పక్క పాకెట్లు ఉన్నాయో లేదో మాత్రం షాపులోనే తొడుక్కొని చూడు.

మీ గ్రూపులో ఆడపిల్లలుంటే నీ కొలత వాళ్లకు పెట్టకు. వీపు పొట్టిగా, భుజాలు సన్నగా ఉంటాయి కాబట్టి పట్టీ మెడను కోస్తుంది. వాళ్లకోసం చేసినవి వేరే దొరుకుతాయి.

కాజీపేట పోరడు:
మస్తు సమజైంది. ఆఖరి డౌట్: ట్రెక్కు మొదలయ్యే ఊరు సాంక్రీలో బ్యాగులు అద్దెకు దొరుకుతయంటున్నరు, తీసుకోవచ్చా? కంచరగాడిద మీద పంపిస్తే అసలు బ్యాగే అక్కరలేదు కదా?

గుట్టలబాట:
జాకెట్, కర్ర అద్దెకు తీసుకో. బ్యాగు వద్దు. అది నీ వీపుకు సరిపోతదో లేదో అక్కడికి పోయినంకనే తెలుస్తది. కంచరగాడిద మీద పెద్ద బ్యాగు పంపినా నీళ్లు, వాన జాకెట్, తిండి నీ వీపు మీదనే ఉండాలె, అందుకు 20 లీటర్లది కావాలె. నీ కాలేజీ బ్యాగే మడిచి పెట్టుకో.

కొన్నంక నెల రోజులు వారానికి మూడుసార్లు హనుమకొండ పద్మాక్షి గుట్ట మెట్లు అదే బ్యాగుతోని ఎక్కు. 4 కిలోలతో మొదలుపెట్టి వారానికి రెండేసి కిలోలు పెంచు, 9 దగ్గర ఆపు. ఎక్కడన్న రాసుకుంటే అక్కడనే తెలుస్తది. బిల్లు దాచి, మార్చుకునే గడువు ఎన్ని రోజులో ముందే అడుగు. వచ్చినంక చేత్తోనే కడిగి నీడకు ఆరబెట్టు. తడి పోకముందు మడిచి సజ్జ మీద పడేస్తే, మన ఎండాకాలం వేడికి లోపలి పూత జిగురై పొట్టులా రాలుతది.