వర్క్ ఫ్రమ్ హోమ్ తీసేయడం న్యాయమేనా? నెల్లూరు, ఒంగోలు వాళ్లు చెప్పండి

పెన్నాగట్టు

పోయిన శుక్రవారం సాయంత్రం ఐదూ నలభైకి మెయిల్ వచ్చింది. వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి వారానికి ఐదు రోజులూ హైదరాబాద్ ఆఫీసుకు రావాలట. ఆఫీసు గేటు దగ్గర కార్డు స్వైప్ చేసిన లెక్క చూసి అప్రైజల్ ఇస్తారట. మా కంపెనీ పేరు ఇక్కడ అనవసరం, ఇది ఒక్క కంపెనీ సంగతి కాదు. టీసీఎస్ 2023 అక్టోబరు నుంచే ఐదు రోజులు రమ్మంది, అమెజాన్ 2025 జనవరి నుంచి రమ్మంది. మా వంతు ఇప్పుడొచ్చింది.

నేను నెల్లూరు వేదాయపాలెంలో ఉంటాను. 2020 మార్చిలో జనతా కర్ఫ్యూకు ముందురోజు రాత్రి ల్యాప్‌టాప్ బ్యాగుతో బస్సు దిగినవాణ్ణి, ఇక్కడి నుంచే పని చేస్తున్నాను. 2022లో వేరే చోట ఆఫర్ వచ్చింది, నెలకు పద్దెనిమిది వేలు ఎక్కువ. అప్పటి మా మేనేజర్ ఫోన్ చేసి "నువ్వు మీ ఊళ్లోనే ఉండి చేసుకో, నిన్నెవరూ పిలవరు" అన్నాడు. ఆ మాట మీద ఆఫర్ వదులుకున్నాను. ఆ మాట మీదే మేడ మీద గది వేయించాను, ఇన్వర్టర్ పెట్టించాను, ఒకటి పోతే ఒకటి ఉండాలని రెండు నెట్ కనెక్షన్లు తీసుకున్నాను.

నాన్నకు పోయిన ఏడాది పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది. రోజూ ఉదయం ఏడున్నరకు ఆయన అరచేతిలో మెత్తటి రబ్బరు బంతి పెట్టి, ఆయన వేళ్ల మీద నా వేళ్లు వేసి నొక్కిస్తాను, ఇరవై సార్లు. మొదట్లో బంతి జారి మంచం కిందికి దొర్లిపోయేది. ఇప్పుడు సగం నీళ్లున్న స్టీలు గ్లాసు తనే ఎత్తి పెదవుల దాకా తెచ్చుకుంటున్నారు. చివర్లో చెయ్యి వణికి చొక్కా తడుస్తుంది. నేను పట్టుకోబోతే "ఉండబ్బయ్యా, నేను తాగుతాలే" అంటారు. తొమ్మిదిన్నరకు నేను టీమ్ రోజూ మాట్లాడుకునే స్టాండప్ కాల్‌లో ఉంటాను. ఒక్కరోజు కూడా ఆలస్యం కాలేదు.

నా టీమ్‌లో ఒకరు పుణె, ఇద్దరు చెన్నై, క్లయింటు అమెరికా. హైదరాబాద్ ఆఫీసులో నా ప్రాజెక్టు మనిషి ఒక్కరూ లేరు. నేను అక్కడికి వెళ్లి హెడ్‌ఫోన్ పెట్టుకుని ఇవే కాల్స్ మాట్లాడాలి. దానికోసం సొంతిల్లు వదిలి ఇరవై ఏడు వేలు అద్దె కట్టాలి, నాన్నను అమ్మ మీద వదిలెయ్యాలి. ఇందులో కంపెనీకి వచ్చే లాభం ఏందో ఎవరైనా చెబితే వింటాను. నిజంగానే అడుగుతున్నాను.

లాయరుపేట

తమ్ముడూ, నాన్నగారి సంగతి చదివి బాధేసింది. మాది ఒంగోలు. పద్నాలుగేళ్లుగా హైదరాబాద్‌లో ఉంటున్నాను, పదకొండు మందికి లీడ్‌ని. నీకు కోపం వచ్చినా సరే, అవతలి పక్క కూడా చెప్పాలి.

నా దగ్గర 2021లో చేరిన పిల్లలు ముగ్గురున్నారు. రెండేళ్లు ఇంటి నుంచే చేశారు. ఇచ్చిన టికెట్, అంటే అప్పజెప్పిన పని, మూసేవాళ్లు, అంతకు మించి ఏమీ తెలిసేది కాదు. కాల్‌లో "డౌట్లున్నాయా" అంటే "లేవు సార్" అనేవాళ్లు. ఆఫీసుకొచ్చి పక్కన కూర్చున్నాక అర్థమైంది, పదిమంది వినే కాల్‌లో అడగడానికి వాళ్లకు సిగ్గు. ఇప్పుడు కుర్చీ ఇటు తిప్పి అడిగేస్తున్నారు. రెండు నిమిషాల్లో తేలిపోయే ముక్కకు అప్పుడు రెండు రోజులు కొట్టుకునేవాళ్లు.

ఇంకోటి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు మన రెండు జిల్లాల నుంచి పనిచేసే మా వాళ్లు నలుగురూ రెండు రోజులు దొరకలేదు. కరెంటు లేదు, సిగ్నల్ లేదు. వాళ్ల తప్పేమీ లేదు. కానీ సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఆగింది, క్లయింటుతో మాట పడింది నేను.

రెండు ఉద్యోగాల గొడవ కూడా మర్చిపోవద్దు. పోటీ కంపెనీలకూ పనిచేస్తున్నారని 2022 సెప్టెంబరులో విప్రో 300 మందిని తీసేసింది. పైవాళ్లకు అప్పటి నుంచి ఇంట్లో ఉన్నవాడి మీద నమ్మకం సన్నగిల్లింది.

పెన్నాగట్టు

అన్నా, కొత్త పిల్లల సంగతి ఒప్పుకుంటాను. మొదటి ఏడాది, రెండేళ్లు ఆఫీసులో ఉండాల్సిందే. నేనూ అలాగే నేర్చుకున్నాను. నాకు పదకొండేళ్ల అనుభవం ఉంది, నా పక్కన కూర్చుని నేర్చుకునే పిల్లలు ఆ ఆఫీసులో లేరు.

రెండు ఉద్యోగాలు చేసినవాళ్లను పట్టుకుని తీసేశారు కదా, బాగుంది. అంటే పట్టుకునే దారి ఉన్నట్టే. దాని కోసం అందరినీ పిలవడం ఎలుకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టుంది. తుపాను రెండు రోజులు నిజమే. మరి హైదరాబాద్‌లో గట్టి వాన పడితే ఐటీ ఉద్యోగులను ఇంటి నుంచే చేయమని పోలీసులే చెబుతారు. పిలవడానికి డేటా సెక్యూరిటీ కూడా ఒక కారణం అంటారు. ఆ రోజు అడ్డం రాని ఆ సెక్యూరిటీ మామూలు రోజుల్లో ఎందుకు అడ్డం వస్తోందో నాకు అర్థం కాదు.

కర్నూలురోడ్డు

లాయరుపేట అన్న చెప్పిన ముగ్గురిలాంటి వాణ్ణే నేను. 2021లో చేరాను, ఒంగోలులో మా ఇంటి ముందుగదిలోనే మొదటి ఉద్యోగం. ఏడాదిన్నర మా మేనేజర్‌ను స్క్రీన్ మీద తప్ప చూడలేదు. అమ్మ మధ్యలో వచ్చి గ్యాస్ బుక్ చెయ్యమనేది, చుట్టాలు వస్తే "అబ్బాయి ఇంట్లోనే ఉన్నాడుగా" అని బజారుకు పంపేవాళ్లు. కాలేజీ అయిపోయిందన్న మాటే గానీ ఉద్యోగంలో చేరినట్టు నాకే అనిపించలేదు. 2023లో ఆఫీసుకు పిలిస్తే ఏడుస్తూ వెళ్లాను. నాలుగు నెలల్లో పని వచ్చింది, ముగ్గురు స్నేహితులు దొరికారు. నన్నడిగితే పిలవడమే మంచిది.

కావలి స్టేషన్

మగవాళ్లందరూ మాట్లాడుకున్నారు కాబట్టి నేనూ చెబుతాను. మా ఆఫీసు చెన్నైలో. పాపకు పది నెలలు. మాకూ మెయిల్ వచ్చింది.

ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో సవరణ చేశారు. అందరికీ 26 వారాల సెలవు సంగతే తెలుసు. అదే సవరణలో ఇంకో ముక్క ఉంది, సెక్షన్ 5లో అయిదో ఉపవిభాగం. పని స్వభావం అందుకు వీలైనదైతే, ప్రసూతి సెలవు తర్వాత కూడా ఇంటి నుంచి పని చేయనివ్వొచ్చు, ఎన్నాళ్లు, ఏ షరతుల మీద అన్నది ఇద్దరూ కలిసి మాట్లాడుకోవాలి. కొత్త సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఆ మాట ఉంచారు. "ఇవ్వొచ్చు" అనే ఉంది, "ఇవ్వాలి" అని లేదు. అయినా అడగడానికి ఒక ఆధారం. యాభై మంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే చోట పిల్లల సంరక్షణ గది ఉండాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి చూసుకోవచ్చని కూడా అందులోనే ఉంది.

మా ఆఫీసులో ఆ గది ఉంది. పోయిన నెల వెళ్లినప్పుడు తలుపు తీసి చూశాను. గోడ మీద ఏనుగు బొమ్మ, దాని కింద పాత మానిటర్లు, అట్టపెట్టెలు. ఊయల ఒకటి ప్లాస్టిక్ కవరు కూడా తీయకుండా మూలన నిలబెట్టి ఉంది. అక్కడే నిలబడి ఏడ్చాను. పాపను ఇక్కడ వదలాలంటే ఎక్కడ వదలను?

లాయరుపేట అన్నా, మీ టీమ్‌లో ఎంతమంది అమ్మాయిలు ఈ రెండేళ్లలో మానేశారో ఒకసారి లెక్క చూడండి. దెప్పడానికి అడగడం లేదు. మా బ్యాచ్‌లో నాకు తెలిసినవాళ్లే నలుగురు మానేశారు. నలుగురూ నాకంటే బాగా చదివినవాళ్లు.

మూలాపేట

లాభం ఏంటని పెన్నాగట్టు గారు అడిగారు కదా, దాని మీద మంచి పరిశోధనే ఉంది. స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్త నికోలస్ బ్లూమ్, ఆయన సహచరులు ట్రిప్.కామ్ అనే చైనా కంపెనీలో 1,612 మంది మీద ప్రయోగం చేశారు. కొందరు ఐదు రోజులూ ఆఫీసుకు, కొందరు వారంలో రెండు రోజులు ఇంటి నుంచి. 2024లో నేచర్ పత్రికలో వచ్చింది. పని నాణ్యతలో, ప్రమోషన్లలో తేడా ఏమీ కనిపించలేదు. రెండు రోజులు ఇంటి నుంచి చేసినవాళ్లలో రాజీనామాలు మాత్రం మూడో వంతు తగ్గాయి. ఆడవాళ్లు, ఆఫీసుకు దూరంగా ఉండేవాళ్లలో ఆ తగ్గుదల బాగా కనిపించింది. కావలి అమ్మాయి చెప్పింది అక్షరాలా ఇదే.

న్యాయంగా రెండో పక్కా చెప్పాలి. ఆయనే అంతకు ముందు, 2010 చివర్లో మొదలుపెట్టి అదే కంపెనీ కాల్‌సెంటర్‌లో ఒక ప్రయోగం చేశారు. అందులో నాలుగు రోజులు ఇంటి నుంచే. పని 13 శాతం పెరిగింది. కానీ అయిపోయాక అడిగితే దాదాపు సగం మంది ఆఫీసుకే వస్తామన్నారు, ఇంట్లో ఒంటరిగా ఉందని. కర్నూలురోడ్డు అబ్బాయి మాట కూడా అబద్ధం కాదు.

పెద్దాసుపత్రి

నేను నర్సును. 2020లో మీరందరూ ఇళ్లకు వచ్చిన రోజుల్లో మేం పీపీఈ కిట్లలో వార్డులో ఉన్నాం. ఇంటికొస్తే పిల్లలు కిటికీలోంచి చూసేవాళ్లు. మాకు ఎప్పటికీ ఈ సౌకర్యం రాదు. అందుకని మీకు తీసెయ్యాలని నేను అనను. పక్షవాతం మనిషికి మొదటి ఏడాది చేయించే వ్యాయామం ఎంత ముఖ్యమో నాకు తెలుసు. పెన్నాగట్టు బాబూ, ఎవరుంటే వాళ్లకు అది నేర్పు. మానేస్తే వేళ్లు బిగుసుకుపోతాయి.

కేబుల్ లైన్

అల్లూరు వైపు నెట్ కనెక్షన్లు ఇస్తాను. 2020, 2021లో ఊళ్లల్లో మేడల మీదికి, పశువుల కొట్టం పక్క గదుల్లోకి కూడా వైరు లాగాను. సాఫ్ట్‌వేర్ పిల్లలు ఇంట్లో ఉంటే ముసలివాళ్లకు మందులు టైముకు అందేవి, పొలం పనికి కూలి డబ్బులు ఫోన్‌లోనే వేసేవాళ్లు. ఈ ఏడాది "అన్నా, కనెక్షన్ తీసెయ్, అబ్బాయి వెళ్లిపోయాడు" అనే ఫోన్లే ఎక్కువ. నా వ్యాపారం గురించి అనడం లేదు. ఆ ఇళ్లకు మళ్లీ తాళాలు పడుతున్నాయి.

లాయరుపేట

రాత్రంతా ఆలోచించాను. కావలి చెల్లెమ్మా, లెక్క చూశాను. రెండేళ్లలో నా టీమ్ నుంచి ఐదుగురు మానేశారు, అందులో నలుగురు అమ్మాయిలు. పేపర్ల మీద "వ్యక్తిగత కారణాలు" అని నేనే రాశాను.

పెన్నాగట్టు తమ్ముడికి ఒకటి చెప్పాలి. నీకు మాటిచ్చిన మేనేజర్ లాంటివాణ్ణే నేను. 2022లో మనుషులు నిలిచేవాళ్లు కాదు. పెద్ద కంపెనీల్లోనే ఏడాదికి నూటికి ఇరవై మందికి పైగా వెళ్లిపోతున్న రోజులు. ఎలాగైనా ఆపమని హెచ్‌ఆర్ చెప్పింది. ఇద్దరితో నేనూ "మీ ఊళ్లోనే ఉండండి" అన్నాను. రాతపూర్వకంగా ఏదీ ఇవ్వలేదు, ఇవ్వనివ్వలేదు. ఇప్పుడు అవసరం తీరింది. ఆ ఇద్దరికీ నేనే ఫోన్ చేసి రమ్మన్నాను. అందులో ఒకడు దర్శి దగ్గర ఊళ్లో ఇల్లు కట్టుకుంటున్నాడు. "సరే సార్" అని పెట్టేశాడు, మళ్లీ నాతో సరిగ్గా మాట్లాడలేదు.

కొత్తవాళ్లు ఆఫీసుకు రావాలన్న మాట మీద ఇప్పటికీ ఉంటాను. కానీ ఇచ్చిన మాట నమ్మి జీవితం సర్దుకున్నవాళ్లను మూడు వారాల గడువుతో పిలవడం తప్పు. అది నేనూ చేశాను.

నీ ఆఫర్ లెటర్‌లో బేస్ లొకేషన్, అంటే పనిచేయాల్సిన ఊరు, హైదరాబాద్ అనే ఉంటుంది కాబట్టి కోర్టు దాకా వెళ్తే నిలబడటం కష్టం. సేవారంగానికి కేంద్రం తెచ్చిన మోడల్ స్టాండింగ్ ఆర్డర్ల (ఉద్యోగ నియమాల నమూనా) ముసాయిదాలో కూడా ఇంటి నుంచి పని యజమాని అనుమతించే విషయంగానే ఉంది. అందుకని హక్కు అని రాయకు, మినహాయింపు అడుగు. నీ టీమ్ ఎవరెవరు ఏ ఊళ్లో ఉన్నారో రాయి. నాన్నగారి డిశ్చార్జ్ సమ్మరీ, ఫిజియోథెరపీ చీటీలు జత చెయ్యి. ఆరు నెలలు అడుగు, నెలకు నాలుగు రోజులు ఆఫీసుకు వస్తానని నువ్వే చెప్పు. 2022 నాటి చాట్ మెసేజ్ ఒక్కటున్నా తీసి పెట్టుకో. మేనేజర్‌కు ఒక్కడికే పంపకు, హెచ్‌ఆర్‌ను కూడా కలుపు. ఫోన్‌లో మాట్లాడి వదిలెయ్యకు, మాలాంటివాళ్లకు ఫోన్‌లో "చూద్దాం" అనడం చాలా తేలిక.

కావలి స్టేషన్

అన్నా, ఒప్పుకున్నందుకు నిజంగా థ్యాంక్స్. నేను నిన్న సెక్షన్ నంబరుతో సహా మెయిల్ పెట్టాను. ఆ గది ఫొటో కూడా జత చేశాను. మూడు రోజులు టైమ్ అడిగారు.

పెన్నాగట్టు

లాయరుపేట అన్న చెప్పినట్టే రాసి ఈ ఉదయం పంపాను. పాత చాట్ వెతికితే ఒక మెసేజ్ దొరికింది, "డోంట్ వర్రీ, యూ ఆర్ రిమోట్" అని. అదీ పెట్టాను.

జవాబు వచ్చేలోగా ఒకటో తారీఖు వచ్చేస్తుంది. ఆదివారం హైదరాబాద్ వెళ్లడానికి సింహపురి ఎక్స్‌ప్రెస్‌కు టికెట్ తీసుకున్నాను, ముందు స్నేహితుడి గదిలో దిగుతాను. నర్సమ్మ గారు చెప్పాక అమ్మకు బంతి నొక్కించడం నేర్పుతున్నాను. అమ్మ వేళ్లు చిన్నవి, నాన్న చెయ్యి అందులో పట్టదు. రెండు చేతులూ వేసి నొక్కుతోంది. ఇవాళ పన్నెండు దాకా వచ్చారు.