మారేడ్‌పల్లిలో పాత మిద్దె ఇల్లు: కొనవచ్చా?

సికింద్రాబాద్ వెస్ట్ మారేడ్‌పల్లిలో 400 గజాల స్థలం, అందులో ఒకే అంతస్తు పాత ఇల్లు అమ్మకానికి ఉంది. కూల్చి అపార్ట్‌మెంట్ కట్టే ఉద్దేశం లేదు, ఉన్నది ఉన్నట్టు నిలబెట్టుకోవాలి. అనుభవం ఉన్నవాళ్లు చెప్పగలరా?

గోడలు డంగు సున్నంతో కట్టిన 18 అంగుళాల ఇటుక గోడలు. పైకప్పు మద్రాస్ టెర్రస్: టేకు దూలాల మీద అంచుపై నిలబెట్టి ఐమూలగా పేర్చిన సన్న ఇటుకలు, వాటిపై సున్నం కలిపిన ఇటుక జల్లి. హాల్లో పగుళ్లు లేవు. భయమల్లా వంటింటి వైపే. అక్కడ రెండు దూలాల కొసలు గోడలోకి దూరే చోట స్క్రూడ్రైవర్ అరంగుళం దిగుతోంది. కప్పు నీళ్లు పోయే గొట్టం సరిగ్గా ఆ పైనే ఉంది కాబట్టి ఇది చెద కన్నా తడి వల్ల పుచ్చడమే అనిపిస్తోంది. కొసలు మాత్రమే కోసి కింద ఇనుప ఐ-సెక్షన్ (I ఆకారపు దూలం) ఆనిస్తే చాలా, దూలాలు పూర్తిగా మార్చాలా? మొత్తం తీసి ఆర్‌సీసీ స్లాబ్ వేయమంటున్నారు మేస్త్రీలు (వాళ్లకు అదొక్కటే వచ్చు). సున్నపు గోడలు ఆ బరువు మోస్తాయా?

బయటి గోడకు ఎప్పుడో సిమెంట్ ప్లాస్టర్ కొట్టారు. గోడలోని తడి దాంతో బయటికి పోలేకనేమో, లోపల మూడడుగుల ఎత్తు వరకు ఉప్పు పొంగి సున్నం రాలుతోంది. ప్లాస్టర్ చెక్కేసి మళ్లీ సున్నం పూయాలంటే ఆ పని తెలిసినవాళ్లు సిటీలో ఎక్కడ దొరుకుతారు?

ఆన్‌లైన్‌లో ఈసీ (ఆస్తిపై జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాల పత్రం) 1983 నుంచే వస్తుంది. అంతకు ముందుది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో తీయిస్తున్నాం. ఇంత పాత కట్టడానికి బ్యాంకు లోన్ ఇస్తుందా, స్థలం విలువ మీదే లెక్క కడుతుందా?