పెండిల్ మంత్రగత్తెల నాటకం: సీసానా, మట్టిబొమ్మా? మంటా, ఉరా?

డాల్ఫిన్‌నోస్:
ఇంగ్లండులోని లాంకషైర్‌లో 1612లో జరిగిన పెండిల్ మంత్రగత్తెల విచారణ మీద కళాభారతిలో నాటకం వేస్తున్నాం. రెండో రంగంలో ముసలి డెమ్డైక్ సీసాలో మూత్రం, గుండుసూదులు పోసి బిరడా బిగించి చేతబడి చేస్తుంది. ఆఖర్న అందరితోపాటు ఆమెనీ గుంజకి కట్టి తగలబెడతారు. తప్పులుంటే ఇప్పుడే చెప్పేయండి.

సంపెంగ:
రెండూ తప్పేనండీ. ఆ సీసా చేతబడి చేసేవాళ్లది కాదు, తిప్పికొట్టేవాళ్లది. రోగి మూత్రంలో వంచిన గుండుసూదులు, మేకులు, జుట్టు, గోళ్లు వేసి పొయ్యి కిందో గడప కిందో పాతేవారు. దాంతో మంత్రగత్తెకి మూత్రం బిగుసుకుపోతుందని నమ్మకం. లండన్‌లోని గ్రీనిచ్‌లో 2004లో తలకిందులుగా దొరికిన అలాంటి సీసాలో 12 ఇనుప మేకులు, 8 ఇత్తడి గుండుసూదులు, మేకు గుచ్చిన గుండె ఆకారపు తోలుముక్క ఉన్నాయి. ఈ సీసాలు ఎక్కువగా పదిహేడో శతాబ్దం నడుమ నుంచే కనబడతాయి.

డెమ్డైక్ వాంగ్మూలంలో ఉన్నది మట్టిబొమ్మ. చంపదలచిన మనిషి రూపంలో చేసి బాగా ఆరబెట్టాలి. ఏ అవయవానికి జబ్బు రావాలో అక్కడ ముల్లో సూదో గుచ్చాలి. ఏదైనా భాగం క్షీణించిపోవాలంటే, బొమ్మలో ఆ భాగాన్ని కాల్చాలి.

పాతబస్తా:
మంట తీసేయండి. మంత్రవిద్య మీద వచ్చిన 1604 చట్టం కింద ఇంగ్లండులో శిక్ష ఉరే. లాంకస్టర్‌లో ఆగస్టు 20న 10 మందిని ఉరితీశారు. మంట స్కాట్లండ్ పద్ధతి, అక్కడా చాలావరకు ముందు గొంతు బిగించేవారు. ఇంగ్లండులో మంత్రంతో మొగుణ్ణి చంపిందంటే మాత్రం రాజద్రోహం లాంటి నేరం కిందకొచ్చి కాల్చేవారు, 1645లో ఇప్స్‌విచ్‌లో మేరీ లేక్‌లాండ్‌ని అలాగే చేశారు. డెమ్డైక్ విచారణకి ముందే జైల్లో పోయింది, ఆఖరి రంగంలో ఉండకూడదు. ఇంకోటి, ఇది మన ఏజెన్సీలో చిల్లంగి (చేతబడి) పేరుతో ఊరివాళ్లు కొట్టి చంపే బాపతు కాదు. న్యాయమూర్తి, జ్యూరీ ఉన్నారు. తొమ్మిదేళ్లు దాటని జెనెట్ డివైస్ బల్లెక్కి సొంత తల్లి మీద సాక్ష్యం చెప్పింది. నాటకమంతా అక్కడుంది, మంటలో కాదు!

కంచరపాలెంమేస్త్రి:
బొమ్మ సంగతి. జానెడు ఎత్తు చాలు. బాగా ఎండిన మట్టిలో సూది దిగదు, ముక్కలైపోతుంది. అందుకని తోలులా బిగిసిన దశలోనే, ఇంకా చెమ్మ ఉండగా, సూది కంటే కాస్త లావు పుల్లతో బొక్కలు పొడిచి ఉంచండి. చేతులు, కాళ్లు అతికే చోట రెండువైపులా గీతలు గీసి, నీళ్లమట్టి పూసి నొక్కండి. లేకపోతే ఆరాక ఊడిపోతాయి. కొంచెం ఊక కలిపితే పగుళ్లు తగ్గుతాయి. ఎండలో పెట్టొద్దు, పైన ముందే బిగిసి బీటలు వారుతుంది. నీడలో తడిగుడ్డ కప్పి, రోజుకింత తీస్తూ ఆరనివ్వండి. మన సముద్రపు గాలికి ఇనుప సూదులు తుప్పెక్కుతాయి, ఇత్తడివి వాడండి. ప్రదర్శనకి ఒకటి విరుగుతుందనుకుని మూడు చేసుకోండి.